కంచెలు పుట్టించిన కుక్క

(మెల్‌బోర్న్‌లో తెలుగువారి సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న చాలామందికి కెల్పీ అనే ఆస్ట్రేలియా గొర్రెలకుక్క అంటే పార్కులో బంతి వెనకాల అలుపు లేకుండా పరిగెత్తే నల్లకుక్కో, ఎర్రకుక్కో. చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. మూతి కోసుగా, వెంట్రుక పొట్టిగా ఉంటుంది. బరువు 14 నుంచి 20 కిలోలు. మన ఊరకుక్కకి దగ్గర చుట్టంలా కనిపిస్తుంది. ఇండియా నుంచి మా ఇంటికొచ్చిన బంధువులకి దీన్ని చూపిస్తే, "ఇదేం జాతి కుక్కండీ, మా వీధి చివర పడుకునేది ఇదే కదా" అన్నారు.

వాళ్ళు అన్నదాంట్లో తప్పేం లేదు. ఈ కుక్కని ఎవరూ అందం చూసి తయారు చెయ్యలేదు. నలుపు, ఎరుపు, గోధుమ, నీలి బూడిద, లేత మీగడ రంగు, ఏదైనా సరే, మందని తిప్పగలిగితే చాలు. తోక ఎంత వంకర తిరగాలి, చెవి ఎంత నిటారుగా ఉండాలి అన్న లెక్కలు చాలా తర్వాత వచ్చాయి, అవి కూడా ప్రదర్శనల కోసం పెంచే కెల్పీలకే. గొర్రెల మధ్య పనిచేసే కెల్పీది వేరే దారి. ఆ రెండు దారులూ ఎప్పుడో విడిపోయాయి. నేను మాట్లాడబోయేది పనిచేసే కెల్పీ గురించి.

అసలు ఇలాంటి కుక్క ఎందుకు కావాల్సొచ్చింది? అది తెలియాలంటే ముందు మన పల్లెల్లో మంద మేపే తీరు గుర్తు చేసుకోవాలి. మన గొల్లలు, కురుమలు పొద్దస్తమానం మంద వెంటే ఉంటారు. పొలాలకి కంచెలుండవు, బాట పక్కనే పైరు. గొర్రె తల అటు తిప్పిందంటే నాలుకతో ఒక శబ్దం చేస్తారు, లేదా కర్ర ఝళిపిస్తారు. రాత్రి ఎవరి చేలోనో మందని నిలుపుతారు, ఎరువు దక్కినందుకు ఆ రైతు గింజలో డబ్బో ఇస్తాడు. వెంట కుక్కలుంటాయి గానీ వాటి పని తోడేలునో దొంగనో పసిగట్టి మొరగడం. గొర్రెల్ని తోలే పని మనిషిదే. మనిషి ఎప్పుడూ అక్కడే ఉంటాడు కాబట్టి కుక్కకి ఆ విద్య నేర్పాల్సిన అవసరం రాలేదు.

1850కి ముందు ఆస్ట్రేలియాలో కూడా ఇంచుమించు ఇదే పద్ధతి ఉండేదంటే మీరు ఆశ్చర్యపోతారు. కాపరులు పగలంతా మంద వెంట నడిచేవాళ్ళు. వాళ్ళలో చాలామంది శిక్షపడి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళే. చీకటి పడేసరికి తడికల దొడ్డిలోకి గొర్రెల్ని తోలేవాళ్ళు, పక్కన గుడిసెలో ఇంకొకడు డింగోల (ఇక్కడి అడవికుక్కల) భయంతో కాపలా ఉండేవాడు. 1851లో న్యూ సౌత్ వేల్స్‌లోనూ, విక్టోరియాలోనూ బంగారం బయటపడింది. కాపరులు కర్రలు పారేసి గనుల దారి పట్టారు. గొర్రెల యజమానులు ఎంత జీతం పెంచినా మనిషి దొరకలేదు. ఆ కరువులో మందల్ని చాలాచోట్ల కాపాడింది ఈ నేలకి అసలు హక్కుదారులైన ఆదిమజాతుల స్త్రీపురుషులు. ఆ భూముల్ని వాళ్ళ దగ్గర లాక్కునే మేతబీళ్ళు చేశారు, ఆ బీళ్ళలోనే వాళ్ళు కాపరులుగా నిలబడ్డారు. గొర్రెల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ ముక్క వదిలెయ్యకూడదు.

మనుషులు దొరక్క యజమానులు తీగ కంచెలు వేయించడం మొదలుపెట్టారు. 1860లు, 70ల్లో వేలకొద్దీ ఎకరాలకి కంచెలు పడ్డాయి. ఒక్కో మడిని ఇక్కడ పాడాక్ అంటారు. మన ఊరు రెండు మూడు కలిపితే ఒక పాడాక్ అయ్యేంత పెద్దవి ఉండేవి. అందులో గొర్రెల్ని వదిలేస్తే సంవత్సరమంతా వాటి మేత అవి మేస్తాయి. ఉన్ని కత్తిరించడానికి, గొర్రెపిల్లలకి గుర్తులు వెయ్యడానికి, మందునీళ్ళలో ముంచడానికి, అమ్మకానికి, ఇలా ఏడాదిలో కొద్దిసార్లు మాత్రం పోగుచేసి దొడ్డికి తేవాలి. మనిషి మొహం చూసి నెలలైన మెరీనో గొర్రెలు సగం అడవి జంతువులైపోతాయి. గుర్రం మీద ఒక్క మనిషి పోయి కొండల్లో, చెట్ల మధ్య చెదిరిపోయిన వెయ్యి గొర్రెల్ని ఎలా తేగలడు? కంచె వచ్చి కాపరి పోయాడు. కాపరి పోయిన చోటికి కుక్క వచ్చింది.

అలాంటి కుక్కలు అప్పటికే స్కాట్లండులో ఉన్నాయి. స్కాట్లండు నుంచి వచ్చిన యజమానులు తమ కోలీ కుక్కల్ని కూడా ఓడల్లో తెచ్చుకున్నారు. అయితే చలిదేశపు జూలు ఈ ఎండలకి, ఒంటికి అంటుకునే ముళ్ళగింజలకి పనికిరాలేదు. పొట్టి వెంట్రుక ఉన్నవి నిలబడ్డాయి. స్కాట్లండులో రూథర్‌ఫర్డ్ కుటుంబం పెంచిన పొట్టి వెంట్రుకల కోలీలకి అప్పట్లో మంచి పేరు.

మెల్‌బోర్న్ నుంచి పడమరగా దాదాపు 350 కిలోమీటర్లు పోతే కాస్టర్టన్ అని చిన్న ఊరు. దాని పక్కన వారాక్ అనే పాత గొర్రెల స్టేషన్ ఉంది. స్టేషన్ అంటే రైళ్ళది కాదు, ఇక్కడ పెద్ద మేత ఎస్టేటుని అలాగే అంటారు. దాని యజమాని జార్జ్ రాబర్ట్‌సన్ స్కాట్లండు మనిషి, 1840ల్లో వచ్చి స్థిరపడ్డాడు. వడ్రంగం తెలిసినవాడు. ఆయన కట్టించిన చెక్క భవనాలు ముప్ఫైకి పైగా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆయన దగ్గర మంచి కోలీ సంతతి ఉండేది. ఆడ కూనల్ని మాత్రం బయటివాళ్ళకి ఇచ్చేవాడు కాదట.

1870ల మొదట్లో పక్క స్టేషన్‌లో పనిచేసే జాక్ గ్లీసన్ అనే కుర్రాడి కన్ను అక్కడి ఒక ఆడ కూన మీద పడింది. అడిగితే ఇవ్వరు. అందుకని రాబర్ట్‌సన్ బంధువు ఒకతనితో బేరం కుదుర్చుకుని, ఒక రాత్రి గ్లెనెల్గ్ నది ఒడ్డున తన గుర్రాన్ని ఇచ్చి కూనని తీసుకున్నాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నీళ్ళలో ఉండి గుర్రం రూపంలో కనపడే ఒక దెయ్యం స్కాట్లండు జానపద కథల్లో ఉంది. ఆ దెయ్యం పేరే కూనకి పెట్టాడు: కెల్పీ. కాస్టర్టన్ ఊళ్ళో ఆ కుక్క విగ్రహం కూడా ఉంది.

గ్లీసన్ ఆ తర్వాత ఉత్తరంగా న్యూ సౌత్ వేల్స్‌కి వెళ్ళాడు, ఆర్డ్‌లెథన్ వైపు. దారిలో యారవాంగా స్టేషన్‌లో మార్క్ టల్లీ అనే స్నేహితుడు అతనికి మాస్ అనే నల్ల మగకుక్కని ఇచ్చాడు. కెల్పీకి మాస్‌తో పుట్టినవి మంచి పనిమంతులయ్యాయి. అసలు మలుపు మాత్రం ఇంకో జతతో వచ్చింది. స్కాట్లండు నుంచి బ్రూటస్, జెన్నీ అని రెండు కుక్కల్ని అప్పటికే ఒకరు దిగుమతి చేసుకున్నారు. వాటి కొడుకు సీజర్. కెల్పీకీ సీజర్‌కీ పుట్టిన కూనల్లో ఒక ఆడదాన్ని చార్లెస్ కింగ్ అనే ఆయన తీసుకుని, తల్లి పేరే పెట్టాడు. 1879లో ఫోర్బ్స్ పట్టణంలో మందకుక్కల పోటీ జరిగింది. అందులో ఈ చిన్న కెల్పీ ఇంకో కుక్కతో కలిసి మొదటి బహుమతి పంచుకుంది.

ఆ పోటీ తర్వాత ప్రతి స్టేషన్ నుంచీ "కింగ్ గారి కెల్పీ పిల్లలు కావాలి" అని కబుర్లు. కెల్పీ పిల్లలు, కెల్పీ పిల్లల పిల్లలు అంటూ అంటూ చివరికి మొత్తం సంతతికే ఆ పేరు స్థిరపడింది. ఒక తల్లీ కూతుళ్ళ పేరుమీద నిలబడిన జాతి ఇది. మూలపురుషుడు ఫలానా మగకుక్క అని గొప్పగా చెప్పుకునే జాతులు చాలా ఉన్నాయి. ఇక్కడ పేరు ఆడవాళ్ళది, అదీ పనిచేసి తెచ్చుకున్న పేరు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

గ్లీసన్ మాత్రం ఎక్కువకాలం బతకలేదు. 1880లో పోయాడు. తను నదొడ్డున మార్చుకున్న కూన ఒక దేశపు ఉన్ని పరిశ్రమని మొయ్యబోతోందని అతనికి తెలిసే అవకాశమే లేదు. ఆ తర్వాత కింగ్ సోదరులు, మెక్‌లౌడ్ సోదరులు, జాన్ క్విన్ లాంటివాళ్ళు ఈ సంతతిని జాగ్రత్తగా పెంచి దేశమంతా పంచారు.

ఇక్కడ ఒక పుకారు గురించి చెప్పాలి. కెల్పీలో డింగో రక్తం ఉందని ఆస్ట్రేలియాలో తరతరాలుగా ఒక నమ్మకం. డింగో కలిపితే చట్టం ఒప్పుకోదు కాబట్టి కాపరులు రహస్యంగా కలిపారని కథలు కథలుగా చెప్తారు. రంగు చూడండి, చెవులు చూడండి అంటారు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కెల్పీల జన్యువులు పరీక్షించి 2019లో ఫలితం ప్రచురించారు. చెవులకీ, రంగుకీ సంబంధించిన జన్యువుల్లో డింగోతో చుట్టరికం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చింది మరి? స్కాట్లండు కుక్కల్ని ఈ ఎండలో వదిలి, తరం తరువాత తరం పని చేసినదాని పిల్లల్నే ఉంచుకుంటూ పోతే వచ్చింది. నాకు డింగో కథ కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. పొద్దున్నే ఒక పెద్ద పాడాక్ గేటు దగ్గర నిలబడ్డామనుకోండి. గొర్రెలు అవతల కొండవాలు మీద గోధుమరంగు చుక్కల్లా ఉన్నాయి. రైతు చిన్నగా ఈల వేస్తాడు, లేదా ఒక మాట అంటాడు. కెల్పీ సూటిగా గొర్రెల మీదికి పోదు. కంచె పక్కనుంచి, బాగా దూరంగా, ఒక పెద్ద వంపు తిరుగుతూ పోతుంది. సూటిగా పోతే గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులకీ చెదురుతాయి, అందుకని. అలా చుట్టూ తిరిగి మందకి సరిగ్గా అవతల, యజమానికి ఎదురుగా తేలుతుంది. అక్కడ వేగం తగ్గిస్తుంది. అప్పటికి గొర్రెలు తలలెత్తి చూస్తుంటాయి. ప్రతి గొర్రెకీ తన చుట్టూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటి ఎవరైనా లోపలికొస్తే కదులుతుంది. కెల్పీ ఆ హద్దు అంచున అడుగు పెట్టి ఆగుతుంది. మంద కదిలితే వత్తిడి తగ్గిస్తుంది, ఆగితే ఇంకో అడుగు. ఎడమపక్క ఒక గొర్రె విడిపోబోతే అటు వంగుతుంది, అది తిరిగి కలవగానే మధ్యలోకి వస్తుంది. ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు.

చెప్పాలనుకున్నా వీలవదు. ఇది ముఖ్యం. ఇంగ్లండు కొండల్లో బోర్డర్ కోలీ అనే మందకుక్క చాలావరకు యజమాని కంటికి కనిపిస్తూ, ఈలకి ఒకటి చొప్పున ఆజ్ఞ అందుకుంటూ పని చేస్తుంది. ఇక్కడి పాడాక్‌లో కుక్క కొండ అవతలికి పోయిందంటే కనపడదు, గాలికి ఈల వినపడదు. వాగులో ఇరవై గొర్రెలు దాక్కుంటే వాటిని వెతికి తెచ్చి మిగతావాటితో కలపాలా వద్దా అన్నది కుక్కే తేల్చుకోవాలి. అందుకే ఇక్కడి రైతులు సొంత బుర్ర ఉన్న కుక్కనే ఉంచుకున్నారు. ఇంట్లో పెంచుకునేవాళ్ళకి తలనొప్పి అయ్యే గుణం కూడా ఇదే. మీరు చెప్పేదాకా ఆగదు, తనకి తోచింది చేసేస్తుంది.

బోర్డర్ కోలీకి చూపు ఆయుధం. నేలకి కరుచుకుని, రెప్ప వెయ్యకుండా గుచ్చి చూస్తూ గొర్రెని కదిలిస్తుంది. కెల్పీకి ఆ చూపు కొంత ఉంటుంది గానీ తక్కువ. వెయ్యి గొర్రెల మంద ముందు ఒక్కదాన్నే గుచ్చి చూస్తూ కూర్చుంటే పని సాగదు. తోడేలు వేటాడే క్రమం ఉంటుంది కదా: కనిపెట్టడం, గురిపెట్టి చూడటం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మందకుక్కల్లో మనిషి ఈ గొలుసులోని మొదటి భాగాల్ని పెంచి, చివరి రెండింటినీ కుదించేశాడని రేమండ్ కాపింజర్ అనే జీవశాస్త్రవేత్త వివరించారు. ఉన్ని చింపే కుక్క, కాలు కొరికే కుక్క ఎంత చురుకైనదైనా స్టేషన్‌లో ఉండదు. మరీ మొండిగా ఎదురు తిరిగిన పొట్టేలు ముక్కు మీద చిన్న గాటు పెట్టి వదిలేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు.

కెల్పీ ప్రత్యేకత చూడాలంటే దొడ్లో చూడాలి. దుమ్ము, ఎండ, మూడు నాలుగు వందల గొర్రెలు ఇరుకు సందులోంచి ఒక్కొక్కటిగా షెడ్డులోకి పోవాలి. ముందున్న గొర్రె నీడ చూసో, కొత్త వాసనకో ఆగిపోతుంది. వెనక ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, మొత్తం బిగుసుకుపోతుంది. అప్పుడు రైతు తడిక మీద చెయ్యి తడతాడు. కెల్పీ ఒక్క గెంతులో గొర్రెల వీపుల మీదికెక్కి, ఉన్ని మీద అడుగులు వేసుకుంటూ సందు పొడవునా పరిగెత్తి ముందుకి పోతుంది. అక్కడ మందలోకి దిగి, గొర్రెల పక్కలని ఒరుసుకుంటూ వాటికి ఎదురు దిశలో వెనక్కి వస్తుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. గొర్రెకి భుజం దగ్గర ఒక తూకం ఉంటుంది. తల వైపు నుంచి తోక వైపుకి ఏదైనా దాని భుజాన్ని దాటి పోతే గొర్రె ముందుకే కదులుతుంది. కుక్క వెనక్కి వస్తుంటే గొర్రెలు ఒక్కొక్కటే ముందుకి జారుకుంటాయి. భౌతికశాస్త్రం చదివిన మనకి చెప్తే గానీ అర్థం కాలేదు, తొమ్మిది నెలల కెల్పీ కూన మొదటిసారి దొడ్లోకి దిగినప్పుడే చేసి చూపిస్తుంది.

ఇలా పెద్ద స్టేషన్లలో పోగుచేసే రోజుల్లో ఒక్కో కుక్క 50, 60 కిలోమీటర్లు తిరుగుతుంది. మర్నాడు మళ్ళీ సిద్ధం.

నేను మీ ముందు ముఖ్యంగా మాట్లాడదామనుకున్నది ఈ మర్నాటి గురించే. 1898లో సిడ్నీలో పోటీలు జరిగాయి. జాన్ క్విన్ గారి కుక్క కాయిల్ మొదటి రౌండులో నూటికి నూరు తెచ్చుకుంది. మరుసటి రౌండుకి ముందు ప్రమాదంలో దాని ముందుకాలు విరిగింది. అయినా బరిలోకి దిగింది. కాలు వేళ్ళాడుతుండగా మూడు కాళ్ళ మీద మళ్ళీ నూటికి నూరు సాధించింది. ఈ దేశంలో మందకుక్కల గురించి మాట్లాడేవాళ్ళందరూ ఈ కథ చెప్తారు, కళ్ళు మెరుస్తుండగా చెప్తారు. నాకు మాత్రం వైద్యుడిగా ఆ కథ వింటే గుండె కలుక్కుమంటుంది. ఆ కుక్కకి ధైర్యం ఉంది, ఒప్పుకుంటాను. ఆ ధైర్యం ఎవరు పెట్టారు?

2015లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంకో పరిశోధన వచ్చింది. పనిచేసే కెల్పీల జన్యువుల్ని, ప్రదర్శనలకి పెంచే కెల్పీల జన్యువుల్ని పోల్చి చూశారు. పనికుక్కల్లో మూడో క్రోమోజోమ్ మీద ఒక భాగం చాలా గట్టిగా ఏరబడినట్టు కనిపించింది. ఆ భాగంలో ఉన్న జన్యువులకి రెండు విషయాలతో సంబంధం ఉంది: నొప్పి తెలియడం, భయం జ్ఞాపకంగా నిలవడం. అంటే నూటయాభై ఏళ్ళుగా మనుషులు ఏం ఏరారంటే, తన్ను తిన్న దొడ్లోకే మర్నాడు తోక ఊపుతూ వచ్చే కుక్కని. పొట్టేలు తలతో కుమ్మినా, గుర్రం తన్నినా, ముళ్ళు దిగినా పంటి బిగువున పని పూర్తి చేసే కుక్కని. వెనక్కి తగ్గినదాన్ని ఉంచుకోలేదు, దాని పిల్లలు లేవు.

వైద్యశాలలో దీని ఫలితం రోజూ చూస్తాం. మొన్న నవంబర్‌లో ఒక ఎర్ర కెల్పీని తీసుకొచ్చారు. "ఏం లేదు డాక్టర్, ఈ మధ్య కొంచెం నెమ్మదించింది" అన్నాడు రైతు. కుక్క టేబుల్ మీదికి తనే ఎక్కి నిలబడింది. నడకలో కుంటు లేదు. ముందుకాలి వేళ్ళ మధ్య వెంట్రుక తడిగా ఉంది, బాగా నాకినట్టు. వేళ్ళు విడదీసి చూస్తే ఆవగింజంత రంధ్రం, అంచులు ఎర్రగా. ఇక్కడ ఎండాకాలం మొదట్లో గడ్డి ఎండి గింజలు రాలతాయి. ఒక్కో గింజ బాణంలా ఉంటుంది, వెనక్కి రాకుండా ముళ్ళుంటాయి, చర్మంలోకి దిగిందంటే కండ వెంట పైకే పాకుతుంది. నేను మణికట్టు దాకా మెల్లగా నొక్కుకుంటూ పోయాను. మణికట్టు దగ్గర వేలు ఆగగానే కుక్క ఊపిరి బిగబట్టింది. నాలుక ఒక్కసారి బయటికొచ్చి పెదవి తడిపి లోపలికి పోయింది. అంతే. మూలగలేదు, కాలు లాక్కోలేదు, నా చేతిని కరవబోలేదు. కోసి చూస్తే గింజ చుట్టూ చీము నిండి ఉంది. వేరే కుక్క అయితే పైకప్పు ఎగిరేలా అరిచేది. రైతు మొహం పాలిపోయింది. "నిన్న దీనితో రెండు పాడాక్‌లు పోగు చేయించాను" అన్నాడు. చెడ్డమనిషి కాదు, కుక్కని ప్రాణంగా చూసుకునేవాడే. కుక్క చెప్పలేదు, ఆయనకి తెలియలేదు.

అందుకే నా దగ్గరికొచ్చే రైతులందరికీ ఒకటే పాట పాడతాను. నొప్పి ఉంటే చెప్పే కుక్కలని మనం వద్దనుకున్నాం. చెప్పనివాటినే ఉంచుకున్నాం. ఇక వెతికి చూసే బాధ్యత మనదే. సాయంత్రం పని అయ్యాక గొలుసుకి కట్టే ముందు చేతులతో ఒళ్ళంతా తడమండి. నాలుగు పాదాలూ తిప్పి చూడండి, వేళ్ళ సందులు, చెవులు, చంకలు. చిన్నప్పటి నుంచి అలవాటు చేస్తే కుక్క ఆ కాసేపు ఎంతో ఇష్టపడుతుంది. నీళ్ళు తాగడం తగ్గిందా, బండిలోకి ఎక్కేటప్పుడు ఒక క్షణం ఆలోచించిందా, ఇవి గమనించండి. కెల్పీ భాషలో ఒక క్షణం ఆలోచించడమంటే పెద్ద కేకే.

డబ్బు లెక్కలో చెప్తే కొందరు త్వరగా వింటారు. 2014లో ఇక్కడి పరిశోధకులు 812 మంది మందకుక్కల యజమానుల్ని అడిగి, నాలుగు వేలకి పైగా కుక్కల వివరాలు రాబట్టారు. ఒక కుక్కకి పనిచేసే జీవితకాలం మొత్తానికి అయ్యే ఖర్చు మధ్యస్థంగా 7,763 డాలర్లు. అది చేసే పని విలువ 40,000 డాలర్లు. పెట్టిన రూపాయికి అయిదు రూపాయల పైన. పొలంలో ఇంత లాభమిచ్చే యంత్రం ఏదైనా ఉందేమో చెప్పండి. ట్రాక్టర్‌కి గంటల లెక్కన సర్వీసు చేయించే మనిషి కుక్క పళ్ళు ఎప్పుడు చూశాడంటే గుర్తు తెచ్చుకోవాలి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. కెల్పీ వేడికి ఓర్చుకుంటుందన్నది నిజమే. కానీ వేడికి ఓర్చుకునే కుక్క వేడికి చచ్చిపోని కుక్క కాదు. గొర్రెలు మిగిలి ఉన్నంతసేపూ అది ఆగదు, కాబట్టి ఆపాల్సింది మనిషే. తెలివైన రైతు జనవరిలో తెల్లారకముందే పని మొదలుపెట్టి పదింటికి ముగిస్తాడు, ప్రతి నీళ్ళ తొట్టి దగ్గరా కుక్క దూకి మునిగేదాకా ఆగుతాడు. నాలుక వెడల్పై, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కి, నడక తూలితే వెంటనే నీళ్ళు పోసి గాలి తగిలించాలి, ఆ తర్వాతే మా దగ్గరికి బయల్దేరాలి. విక్టోరియాలో 28 డిగ్రీలు, ఆ పైన ఉన్న రోజు బండి వెనక లోహపు ట్రే మీద జంతువుని ఎక్కించాలంటే కింద వేడి తగలకుండా ఏదైనా పరచాలని 2019 నిబంధనలు చెప్తున్నాయి. పాదాలు కాలిపోయిన కుక్కల్ని చూసినవాళ్ళకి ఆ నిబంధన ఎందుకొచ్చిందో వివరించక్కర్లేదు.

ఇంకొకటి మన ఊళ్ళకీ వర్తించేది. గొర్రెని కోసినప్పుడు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకి వెయ్యకండి. గొర్రె లోపలున్న నీటితిత్తుల్లోంచి కుక్క పేగుల్లోకి చిన్న బద్దెపురుగు చేరుతుంది. దాని గుడ్లు కుక్క మలంలో వస్తాయి. అవి మనిషి కడుపులోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి తిత్తులు పెరుగుతాయి. హైడాటిడ్ జబ్బు అంటారు. ఆంధ్రాలో, తెలంగాణలో శస్త్రచికిత్స చేసే డాక్టర్లకి ఇది బాగా తెలిసిన జబ్బే. టాస్మేనియాలో 1960ల నుంచి కుక్కలకి పచ్చి మాంసపు వ్యర్థాలు ఆపించి, క్రమంగా పురుగుల మందు వేయించి దీన్ని దాదాపు లేకుండా చేశారు. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, పట్టుదల ఉంటే చాలు.

ఏటా జూన్‌లో కాస్టర్టన్‌లో కెల్పీల పండగ, వేలం జరుగుతాయి. 2021లో హూవర్ అనే కెల్పీ 35,200 డాలర్లకి అమ్ముడుపోయింది. పత్రికలన్నీ రాశాయి. వీలుంటే పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళండి. వేలానికి ముందు ప్రతి కుక్కా గొర్రెలతో పనిచేసి చూపిస్తుంది, ఆ పని చూసే ధర పెడతారు. ఎంత చదువుకున్నా మనకి ఒక పనివాడి నైపుణ్యాన్ని అంత దగ్గరగా, అంత మౌనంగా కూర్చుని చూసే సందర్భాలు తక్కువ.

చివరగా, ముందే చీటీ రాసి పంపిన ప్రశ్న ఒకటుంది: "మేము మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులం, కెల్పీ కూనని తెచ్చుకోవచ్చా?" నా సమాధానం, పని సంతతి నుంచి పుట్టిన కూనైతే వద్దండీ. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పెరట్లో ఒంటరిగా ఉంటే అది పని వెతుక్కుంటుంది. కంచె తవ్వుతుంది, నీడల్ని తరుముతుంది, మీ పిల్లల్ని, వాళ్ళ స్నేహితుల్ని సైకిళ్ళతో సహా ఒక మూలకి పోగుచేస్తుంది. అప్పుడు దానికి పిచ్చి పట్టిందని ఆశ్రయానికి అప్పజెప్తారు. దానికి పిచ్చి లేదు, నిరుద్యోగం ఉంది. అంతగా కెల్పీయే కావాలంటే ఇంకో దారి ఉంది. గొర్రెల మీద ఆసక్తి లేదని పొలాల్లో పక్కన పెట్టిన కుక్కలుంటాయి. పదేళ్ళు పనిచేసి కీళ్ళనొప్పులతో విశ్రాంతికొచ్చినవి కూడా ఉంటాయి. వాటికి ఇళ్ళు వెతికే సంస్థలున్నాయి. ముసలి కెల్పీకి పొద్దున, సాయంత్రం ఒక నడక, ఇంట్లో ఎవరెక్కడున్నారో లెక్క చూసుకోవడానికి వీలుగా గుమ్మం దగ్గర ఒక పరుపు ఉంటే సరిపోతుంది. తెచ్చుకున్న మొదటి వారంలోనే పళ్ళు, కీళ్ళు, గుండె పరీక్ష చేయించండి. బాగానే ఉన్నట్టు కనపడుతోంది కదా అని ఆగొద్దు, ఎందుకో ఇందాకే చెప్పాను.

మిగతా ప్రశ్నలు అడగండి, సమయం ఉంది.